హారన్ ఫ్యూజు

భావనపాడు నుంచి కోటబొమ్మాళి వెళ్తుంటే సరుగుడు తోటల మధ్య కారు లైట్లు ఆరిపోయాయి. బెన్హర్ సెల్‌ఫోన్ వెలుగులో స్టీరింగు కింద ఫ్యూజుల డబ్బా మూత తీశాడు. లైట్లది మాడిపోయింది. పదిహేను ఆంపులది, నీలం రంగు. విడిగా ఉన్నది ముప్పైది ఒక్కటే.

"అదే ఎట్టెయ్ బావా," అంది పక్క సీట్లోంచి అతని భార్య రూబీ.

"ముప్పై ఎడితే ఫ్యూజు పోదు, వైరు కాలతాది."

హారన్‌కున్నదీ పదిహేనే. దాన్ని పీకి లైట్లకి పెట్టాడు. రోడ్డు వెలిగింది.

"మరి కల్వర్టు కాడ హారన్ కొట్టొద్దా?"

ఆ దారిన పోయే డ్రైవర్లందరూ కల్వర్టు దగ్గర హారన్ కొడతారు. ఎవరిని తప్పుకోమంటున్నారో ఎవరూ చెప్పరు. బెన్హర్ కూడా ఏనాడూ మానలేదు.

"ప్రార్థన సేసుకో," అన్నాడు.

కల్వర్టు వచ్చింది. అలవాటు కొద్దీ అరచేయి హారన్ మీద పడింది. చప్పుడు లేదు. అంతదాకా అరుస్తున్న కప్పలు కూడా ఆగిపోయాయి. కారు వెనకభాగం మెత్తగా కిందికి కుంగింది.

టింగ్, టింగ్. వెనక సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వచ్చే మోత.

"ఎనకాల ఏటెట్టినావు?" అంది రూబీ.

"ఏటీ నేదు."

ఆ మోత ఆపే ఫ్యూజు ఏదో బెన్హర్‌కి తెలుసు. పీకాలంటే కారు ఆపాలి. అతను తల తిప్పకుండా యాక్సిలరేటర్ తొక్కాడు.

వెనకాల బెల్టు టక్కుమని పడింది. మోత ఆగిపోయింది.