కప్పల కాపలా

పాపకు పళ్లొస్తున్నాయి. తల్లి యోర్లెనీకి కంటి మీద కునుకు లేక ఒళ్లంతా బరువెక్కింది. అడవి పార్కు కాపలా గుడిసె చుట్టూ మడుగుల్లో కప్పలు అరుస్తుంటేనే ఆ పిల్ల పడుకుంటుంది. వంటింట్లో నీళ్ల పీపాలోనూ ఒక కప్ప చేరింది. అదీ మంచిదేలెమ్మని వదిలేసింది.

ఒంటరిగా భయమేస్తోందంటే, సముద్రపు ఒడ్డున తాబేలు గుడ్లకు కాపలా ఉన్న మొగుడు ఎలియేసర్ వైర్‌లెస్ రేడియోలో నవ్వాడు.

"భయమెందుకే పిచ్చిదానా? మనిషొచ్చినా పులొచ్చినా ముందు కప్పలే నోరు మూస్తాయి."

"నీ కూతురు మూయదుగా. పొద్దున్నే వచ్చి నువ్వే ఎత్తుకో."

ఎట్టకేలకు పాప కళ్లు మూసింది. అంతలో తాటిచెట్ల దిక్కున కప్పలు ఆగిపోయాయి. తర్వాత బాట పక్కవి ఆగాయి. తర్వాత మెట్ల కిందివి. అడుగుల చప్పుడు మాత్రం లేదు. యోర్లెనీ లేచి గడియ పెట్టి, పాపను గుండెలకు అదుముకుంది. పీపాలో కప్ప ఒక్కటే అరుస్తోంది.

చాలాసేపటికి బయట కప్పలన్నీ ఒక్కసారే అందుకున్నాయి. మెట్ల కింద, బాట పక్కన, అంతటా అదే గోల. హమ్మయ్య, ఎవరూ లేరనుకుని ఆమె గోడకు చేరగిలబడి రెప్పలు వాల్చింది.

అప్పుడు తెలిసింది, పీపాలో కప్ప అరవడం లేదని.