వాసన రాని మంగళవారం

రోవీనా మొగుడికి దేవుడు మెదడు పెట్టాల్సిన చోట కూడా ముక్కే పెట్టాడు.

ఆమె ల్యాబ్ నుంచి వస్తే మొదట వెనక వరండాలో బట్టలు మార్చుకోవాలి. ముద్దూ మురిపెమూ ఆ తర్వాతే.

ఆ మంగళవారం సరిగ్గా ఆమె యాసిడ్ కలుపుతుండగా ఫోన్ చేశాడు.

"రాత్రికి మా అమ్మ భోజనానికొస్తోంది. కాస్త మనిషి వాసనతో రా."

"నీ సాక్సుల కన్నా నేనే నయంలే, క్లైవ్" అని పెట్టేసింది.

ఆమె ముందున్నది శీతాకాలమంతా అమైనో ఆమ్లాలను పూసకు పూస గుచ్చినట్టు గుచ్చి కట్టిన ప్రోటీన్. సముద్రపు నత్త విషానికి నకలు, నొప్పి మందవుతుందని ఆశ. గుచ్చేటప్పుడు పూసలు అడ్డదిడ్డంగా అంటుకోకుండా వాటికి తొడుగులు వేస్తారు. ఆఖరున యాసిడ్ పోసి అన్నీ ఒక్కసారే ఊడదీస్తారు. అక్కడ చెడిందా, మళ్లీ మొదటి పూస నుంచే.

రిసెప్షన్ నుంచి తావిత కేకేసింది. "అక్కా, నీకోసం ఎవరో పెద్దావిడ."

ఎండ టోపీ, చేతిలో లామింగ్టన్ కేకుల డబ్బా.

"ఆ వాసన పనులు చేసేది నువ్వేనా తల్లీ?"

"నేనే. త్వరగా చెప్పండి, పని మధ్యలో ఉన్నాను."

"ఏం లేదు. ఇవాళ ఆ వాసన మానేశావుగా. సంతోషమేసి ఇవి తెచ్చాను."

"సరేనండీ" అని డబ్బా బల్ల మీద పెట్టి రోవీనా లోపలికి నడిచింది. బ్రిస్బేన్‌లో పనిలేని వాళ్లకు కొదవలేదనుకుంది.

పూసల మీదికి యాసిడ్ వంచబోయింది.

ఇవాళ వాసన ఎందుకు లేదు?

చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఊడిన తొడుగులు ఊరికే పోవు. పట్టుకునే దిక్కు లేకపోతే వెనక్కొచ్చి ప్రోటీన్‌నే కరుచుకుంటాయి. వాటిని పట్టడానికే యాసిడ్‌లో ఆ కంపు మందు కలపాలి. ఫోన్ గొడవలో మరిచిపోయింది. ఆ సీసా మూతైనా తియ్యకుండా పక్కనే కూర్చుని ఉంది.

మూత తీసి కలిపింది. పొగగొట్టంలోంచి కంపు ఊరి మీదికి పోయింది. ముక్కుకు సోకిన ఆ కాస్త కంపుకే రోవీనాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు పూసల మీద పోసింది. శీతాకాలం చేతిలో మిగిలింది.

చేతులు కడుక్కుని బయటికి పరుగెత్తింది.

"ఆవిడేది?"

"వెళ్లిపోయింది. కంపు మొదలవగానే డబ్బా కూడా పట్టుకుపోయింది."

"ఎవరసలు?"

తావిత వింతగా చూసింది. "కంచె అవతలావిడ. ఈ కంపు భరించలేనని వారంవారం ఫోన్ చేసి మన ల్యాబ్ మూసేయమని పోరేది ఆవిడే. మతిపోయిన మనిషి, పట్టించుకోకు అన్నావుగా నువ్వే?"

రోవీనా ఖాళీ బల్ల వంక చూసింది.

"తప్పు నాదే తావితా. ఇన్నాళ్లూ నా పనిని ఆవిడంత కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు."