ఊరు తెలియదు

ఢిల్లీలోని జాతీయ మ్యూజియంలో ముత్యాలమ్మ అద్దాల బీరువాలో నిలబడి ఉంది. కింద చీటీ అంటించారు. "అమ్మవారు. నల్లరాయి. పదకొండో శతాబ్దం. ఊరు తెలియదు."

ఆ ఊరు తమదేనని చెప్పడానికి పెనుగొండ పక్క పల్లె నుంచి ఇద్దరొచ్చారు. ఒకరు సర్పంచ్ గణేష్‌బాబు. రెండోవారు గుడి కమిటీ ప్రెసిడెంట్ దొరబాబు.

విగ్రహం దొంగలపాలై ముప్పై ఎనిమిదేళ్లు. నిరుడు విదేశం నుంచి తిరిగొచ్చిందని పేపర్లో చూసిన దగ్గర్నుంచి దొరబాబు పెట్టని అర్జీ లేదు. ఊరంతా కొత్త విగ్రహానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. ఆయన మాత్రం దానికి ఒక్కసారీ దణ్ణం పెట్టలేదు. జాతరలో గుడి మెట్ల దగ్గరే ఆగిపోతాడు. భక్తంటే అదీ అని జనం పిల్లలకి చూపిస్తుంటారు.

ఆఫీసర్ హారతి తెలుగావిడే. గణేష్‌బాబుకి కాస్త ధైర్యం వచ్చింది. ఆవిడ పాత ఫొటో అడిగింది. లేదు. పంచాయతీ రికార్డు అడిగింది. వరదలో పోయింది. పోలీసు కంప్లయింటు కాగితమూ ఆ వరదలోనే పోయింది. ఆధారం లేకపోతే ఇవాళ్టితో ఫైలు మూసేస్తామని, అమ్మవారు ఇక్కడే ఉండిపోతుందని హారతి మర్యాదగానే చెప్పింది. గణేష్‌బాబుకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్క దారి మిగిలిందండి. విగ్రహం అడుగున ఒక గుర్తుంది. మేం ఎక్కడా బయటపెట్టలేదు. అదేంటో చెప్పగలరా?" అంది హారతి.

గణేష్‌బాబు నీరుగారిపోయాడు. మూరెడు లోతున పాతిన విగ్రహం. దాని అడుగు ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. ఇక్కడ కూడా దిమ్మలోకి దించేసి పెట్టారు.

దొరబాబు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఎడమ పక్కండి. జానెడు పొడుగున పెచ్చు లేచిపోయి ఉంటుంది. గునపం దెబ్బ."

హారతి ఫైలు తెరిచి చూసింది. మళ్లీ చూసింది. సరిపోయిందని, అమ్మవారిని తీసుకెళ్లొచ్చని చెప్పింది. గణేష్‌బాబు ఆనందం పట్టలేక దొరబాబు కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

హారతి పెన్ను తీసింది.

"ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉండిపోయిందండి. ఇది దొంగలు పెకలించినప్పుడు తగిలిన దెబ్బ కదా. మీకెవరు చెప్పారని రాయమంటారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదండి, ఆ గునపం పట్టింది నేనే."