అరవై టన్నుల సాత్విక్

"రాకెట్లు ఎందుకు తీసేశావు సాత్విక్?"

టాబ్లెట్ మీద ఆ మెసేజ్ పడేసరికి రాగిణి కంగారుగా దాన్ని రెండుసార్లు చదువుకుంది. పంపింది జట్టు కెప్టెన్, పేరు గుడివాడ సింహం. ఈ ఆన్‌లైన్ రోబోల యుద్ధం ఆటలో సాత్విక్ తప్ప అందరివీ ఇలాంటి పేర్లే.

రాగిణి స్కూలు నుంచి భవానీపురంలోని ఇంటికి చేరి పావుగంటయింది. చీరయినా మార్చుకోలేదు. దిద్దాల్సిన ఏడో తరగతి లెక్కల పేపర్లు సంచిలో అలాగే ఉన్నాయి. సోఫాలో కూలబడి, కొడుకు సాత్విక్ బదులు వాడి రోబోని నడుపుతోంది. కొడుకేమో కోచింగ్ కాలేజీ హాస్టల్లో ఉన్నాడు. అక్కడ ఫోన్ ముట్టనివ్వరు. "జట్టులో నా ప్లేసు పోయిందో, ఆ రోజే బ్యాగు సర్దుకుని వచ్చేస్తా" అని చెప్పి మరీ వెళ్ళాడు. అన్నంత పనీ చేసే రకం.

"కనిపెట్టేశారా?" అన్నాడు ఆమె భర్త ఉదయభాస్కర్, కాఫీ గ్లాసు అందిస్తూ.

"ఇంకా లేదండీ. రాకెట్లు ఏవీ అని అడుగుతున్నారు."

"అసలెందుకు తీశావు? ఆదివారం ఫోన్లో వాడు అంత వివరంగా చెప్పాడుగా?"

"చెప్పాడు. హాస్టలు వాళ్ళు ఇచ్చేదే పది నిమిషాలు. అన్నం తిన్నావా అని కూడా అడగనివ్వలేదు. భుజాల మీద రాకెట్లు పెట్టు, చేతికి ఫిరంగి పెట్టు, కవచం అస్సలొద్దు, తేలిగ్గా పరిగెత్తి కొట్టాలి అన్నాడు. వాడు పరిగెడతాడు. నా వల్లవుతుందా? గురి చూసేలోపే నన్ను పడగొట్టేస్తున్నారు."

ఆ రోబో మోయగలిగింది అరవై టన్నులు. ఏ ఆయుధం పెట్టాలో, ఎంత కవచం తొడగాలో ఆ అరవైలోనే సర్దుకోవాలి. నిన్న సాయంత్రం కాగితం, పెన్నూ తీసుకుని రాగిణి ఆ లెక్క వేసింది. రాకెట్లు పద్దెనిమిది టన్నులు, పీకేసింది. ఫిరంగి పన్నెండు, అదీ పీకేసింది. వాటి చోట మందపాటి కవచం, పెద్ద డాలు, దెబ్బలు బాగుచేసే మరమ్మతు పెట్టెలు రెండు పెట్టింది. లెక్క సరిగ్గా అరవైకి వచ్చింది. చేతికి చిన్న తుపాకీ కూడా మిగల్లేదు. పిల్లాడి రోబోకి దెబ్బ తగలకూడదన్నది తప్ప ఆమెకి ఇంకో ఆలోచన రాలేదు.

మళ్ళీ మెసేజ్. "మా నలుగురివీ డాళ్ళే. కొట్టేవాడివి నువ్వొక్కడివే కదా! నువ్వు కూడా డాలు పట్టుకుంటే ఎలా?"

అదీ నిజమే. కెప్టెన్ కాక మిగతావాళ్ళు బందరు బుల్లెట్, తెనాలి టైగర్, నూజివీడు నాగు. పేర్లు చూస్తే పులులూ పాములూ. ఈ రెండు నెలల్లో ఒక్కడూ ముందుకెళ్ళి కొట్టిన పాపాన పోలేదు. ఇదేం పిరికి జట్టురా నాయనా అని రాగిణి ఎన్నోసార్లు విసుక్కుంది.

ఆట మొదలైంది. ఇది ఓడిపోతే జట్టు కింది లీగులోకి పడిపోతుంది. ఎవరో ఒకరిని మార్చక తప్పదని కెప్టెన్ నిన్ననే హెచ్చరించాడు. అయిదు రోబోలూ డాళ్ళు అడ్డం పెట్టుకుని గోడలా నిలబడ్డాయి. అవతలివాళ్ళు దబదబా పేలుస్తున్నారు. ఇటునుంచి ఒక్క గుండు వెళ్ళడంలేదు. ఎవరికి ఏ చిన్న దెబ్బ తగిలినా నలుగురూ పరుగున వచ్చి బాగుచేస్తున్నారు.

"సాత్విక్, వెనక్కెళ్ళి రాకెట్లు తగిలించుకో. ఇంకా నాలుగు నిమిషాలుంది." మళ్ళీ కెప్టెన్ మెసేజే.

రాగిణి బొటనవేళ్ళు పీకుతున్నాయి. కళ్ళు మండుతున్నాయి. పొద్దున అయిదింటికి లేచిన ఒళ్ళు. ఎవరైనా వచ్చి ఈ టాబ్లెట్ లాక్కుపోతే బాగుండనిపించింది.

"ఆపేయవే. వస్తే వస్తాడు" అన్నాడు ఉదయభాస్కర్.

"మూడు నెలల్లో పరీక్ష పెట్టుకుని ఇప్పుడొచ్చేస్తే ఏం కావాలండీ వాడు?"

"మరేం చేస్తావు?"

"నిజం చెప్పేస్తాను. నా వల్ల కావడంలేదు."

ఒకరి బదులు ఇంకొకరు ఆడితే జట్టులోంచి తీసేయాలన్నది ఆ కుర్రాళ్ళు తమలో తాము పెట్టుకున్న నియమం. ఆటలో కలిసిన స్నేహమే తప్ప ఒకరినొకరు చూసుకున్నవాళ్ళు కూడా కాదు. బతిమాలితే వింటారో లేదో తెలియదు. అయినా రెండు నెలలుగా ముట్టుకోని మైకు బొమ్మని రాగిణి నొక్కేసింది.

"బాబూ సింహం! నేను సాత్విక్‌ని కాదు నాన్నా, వాళ్ళమ్మని. వాడు హాస్టల్లో ఉన్నాడు. ఆ రాకెట్లు నాకు చేతకావు. స్కూల్లో అరిచి అరిచి వచ్చి, వంట కూడా మొదలెట్టకుండా ఇది పట్టుకుని కూర్చుంటున్నాను. తప్పంతా నాదే. వాణ్ణి మాత్రం తీసేయకండి, పరీక్ష అయ్యేదాకా ఓర్చుకోండి. మీ అమ్మలాంటిదాన్ని, దండం పెడతాను."

అయిదు రోబోలూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అవతలివాళ్ళ గుళ్ళు వచ్చి తగులుతున్నా ఒక్కటీ కదల్లేదు. అయిపోయింది, రేపో ఎల్లుండో వాడు బ్యాగుతో దిగుతాడు అనుకుని రాగిణి కళ్ళు మూసుకుంది.

అంతలో గుడివాడ సింహం మైకు తెరుచుకుంది. అందులోంచి అలసిపోయిన ఆడగొంతు ఒకటి పలికింది.

"దండాలెందుకులెండి వదినగారూ, మా నలుగురి పిల్లలూ హాస్టళ్ళలోనే ఉన్నారు, ఇక్కడ ఆడుతున్నది మేం తల్లులమే. మీరొక్కరే నిజం కుర్రాడనుకుని, మా గుట్టు మీకెక్కడ తెలిసిపోతుందోనని రెండు నెలలుగా భయపడి చస్తున్నాం!"