ఎక్కడి రాయి అక్కడే

"కాపలావాడు మెట్లవైపు తిరగ్గానే నువ్వు కూలబడిపో. మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు కళ్లజోళ్లాయన, పెదవులు కదలకుండా.

భార్య తలూపింది. సొంతూళ్లో కళ్లజోళ్ల షాపు నడుపుకునే మర్యాదస్తుడు ఆయన. ఎర్రలైటు పడితే అర్ధరాత్రయినా బండి ఆపే మనిషి. అలాంటివాడు పరాయి దేశం వచ్చి, లోకమంతా ఎగబడి చూసే వేల ఏళ్లనాటి కోటగోడ దగ్గర దొంగచూపులు చూస్తున్నాడు. ఇక్కడి రాయి మీద చెయ్యి వేస్తే జైలేనని గేటు దగ్గర బొమ్మ వేసి మరీ పెట్టారు. ఆ బొమ్మ చూసినప్పటి నుంచి ఆయన తన మందుల సంచిని చంకలోంచి తియ్యడం లేదు.

ఎత్తుకుపోవడానికి వచ్చాడనుకునేరు. కాదు, తిరిగి పెట్టడానికి వచ్చాడు.

పాతికేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ఇక్కడికే వచ్చారు. కొత్త పెళ్లాం ముందు గొప్ప చూపించుకోవాలని, గోడలోంచి నిమ్మకాయంత రాయి ఊడబీకి సూట్‌కేసులో పడేశాడు. ఇంటికెళ్లాక ఆ సంగతే మరిచిపోయాడు. కష్టాలు మాత్రం ఆయన్ని మరిచిపోలేదు. నెల తిరక్కుండా వాళ్ల నాన్న మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. షాపులో భాగస్వామి చెప్పాపెట్టకుండా ఉడాయించాడు. అంతా కొత్త కోడలు కాలుపెట్టిన వేళావిశేషమని వాళ్లమ్మ వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ చెప్పడం మొదలుపెట్టింది. అవునేమోనని ఆయన కూడా అనుకుంటున్న రోజుల్లో, భార్యే ఒకనాడు షోకేసులో ఉన్న రాయిని చూపించి, దొంగసొత్తు ఇంట్లో పెట్టుకుంటే మంచెలా జరుగుతుందండీ అంది. అప్పుడు వెలిగింది ఆయనకు.

అంతే. ఆనాటి నుంచి ఇంట్లో ఏం జరిగినా నింద రాయి మీదే. షాపులోకి వరదనీళ్లు వచ్చినా రాయే, కూతురు లెక్కల్లో తప్పినా రాయే, ఆఖరికి ఆయన జుట్టు ఊడినా రాయే. పారేద్దామా అంటే భయం. పారేస్తే పగబడుతుందని, తీసిన చోటే పెడితే గానీ శాంతించదని ఎవరో చెప్పారు. కిందటేడు గుండెకు స్టెంటు పడ్డాక ఇక ఆగలేకపోయాడు. ఎందుకండీ, దాని మానాన దాన్ని ఉండనివ్వండి అని భార్య ఎంత మొత్తుకున్నా వినలేదు. ఎవరి పిచ్చి వారికానందం.

కాపలావాడు మెట్లవైపు తిరిగాడు. భార్య "అమ్మా" అంటూ కాలు పట్టుకుని కూలబడింది. నాటకమే అయినా బాగా రక్తి కట్టించింది. కాపలావాడు ఆవిడ దగ్గరికి పరుగెత్తాడు. చుట్టూ జనం మూగారు. ఇదే సందని ఆయన మందుల సంచిలోంచి రాయి తీసి గోడకు అతుక్కుపోయాడు. ఆ చోటు ఆయనకు బాగా గుర్తు. వేళ్లతో తడిమితే గుంట దొరకనే దొరికింది. రాయి పెట్టాడు. కొలతలు తీసి చెక్కినట్టు ఒదిగిపోయింది. పాతికేళ్ల తర్వాత సొంతింటికి చేరింది మరి, ఒదగదా!

సరిగ్గా అప్పుడే ఈల మోగింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన రెండు చేతులూ పైకెత్తేశాడు. సంకెళ్లు, పేపర్లో ఫోటో, కాబోయే వియ్యాలవారి ముఖాలు, అన్నీ గిర్రున తిరిగాయి. కాపలావాడు ఆయన్ని దాటుకుపోయి, గోడెక్కి ఫోటో దిగుతున్న ఒక లావుపాటి టూరిస్టును చీవాట్లు పెట్టి కిందికి దింపాడు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ మోసిన బరువు దిగిపోయింది. ఎంత చక్కగా సరిపోయిందో చూడలేదు నువ్వు, రాయికి కూడా తన చోటు తెలుస్తుంది అని చెప్పిందే చెప్పాడు. ఆవిడ సీసా మూత తీసి మంచినీళ్లు తాగింది. శని వదిలిందన్నాడు. ఇక మన ఇంటికి వంక పెట్టడానికి లేదన్నాడు. టాక్సీ పిలుద్దామని జేబులో చెయ్యి పెట్టాడు.

ఫోను లేదు.

అన్ని జేబులూ తడిమాడు. మందుల సంచి బోర్లించాడు. ఆయన గోడకు అతుక్కున్న ఆ కాసేపట్లోనే గుంపులో ఎవడో చేతివాటం చూపించాడు. హోటలు అడ్రసు అందులోనే ఉంది, తిరుగు టికెట్లూ అందులోనే ఉన్నాయి. దొంగతనం దిద్దుకోవడానికి వచ్చినవాడి జేబే కొట్టేశారు పాపం.

ఎందుకిలా జరిగింది? రాయి వల్లే అనుకుందామంటే ఇప్పుడు రాయి లేదు. ఆయన చూపు అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి భార్య పాదాల దగ్గర ఆగింది.

"పొద్దున గేట్లో ముందు కాలుపెట్టింది నువ్వే గదా," అన్నాడు.

ఆవిడకు ముందు బాధ కలిగింది, ఆ వెనకే కోపం వచ్చింది. రెండూ మింగేసి, వంగి బెంచీ కిందనుంచి నిమ్మకాయంత రాయి ఒకటి ఏరింది. దుమ్ము దులిపి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఏం చేస్తున్నావే? ఇన్నేళ్లు పడింది చాలదా?" అన్నాడాయన.

"షోకేసు ఖాళీగా ఉంటే నింద నా కాలి మీదికొస్తోంది కదండీ," అందావిడ నెమ్మదిగా. "మీరు దొంగిలించిన రాయిని ఆనాడే భయమేసి ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో పడేశాను. ఇందాక మీరు గోడలో పెట్టొచ్చింది మన వీధిలో రోడ్డు వేస్తుంటే నేను ఏరుకొచ్చింది."