కుర్చీ దిగని మహారాజు

పరిషత్తు పోటీలకు నాటకం వెతుకుతూ, తెనాలి పుస్తకాల షాపులో స్టూలు మీద కూర్చున్న పానకాలరావు పదకొండో పుస్తకం తెరిచాడు. అక్షరాలు చకచకా కదిలి అతని నాటక సమాజానికి తగ్గట్టు సర్దుకున్నాయి: నలుగురు మగవాళ్లు, ఒక్క ఆడపాత్ర. ఇప్పుడు అచ్చయ్యే నాటకాలన్నీ ఇలా తెరిచినవాళ్లకు తగ్గట్టు మారిపోయేవే. అతనికి మోకాలి నొప్పి కాబట్టి, ఇందులో అతను వెయ్యాల్సిన మహారాజు కూడా కుర్చీ దిగడు.

"ఇదీ కుదరలేదా బాబాయ్?" అంది షాపు నడిపే వేదవతి.

"కుదరడమేనమ్మా నా ఖర్మ! పదేళ్లుగా ఏ నాటకం పట్టుకెళ్లినా స్టేజీ మీద మేమే కనపడుతున్నాం. మాకు చేతకానిదొక్కటి ఇవ్వు తల్లీ!"

ఆమె అటక మీంచి దుమ్ముపట్టిన పాత పుస్తకం దించింది. తెరిస్తే అక్షరాలు కదల్లేదు. మొదటి రంగంలోనే నాయకుడు గోడ దూకాలి.

"ఇదివ్వు," అంటూ పానకాలరావు మోకాలు పట్టుకుని లేచాడు.