ఎవరి తరఫు

కొత్త పెళ్ళికూతురిని స్టెప్నీ మీద కూర్చోబెట్టారు. గొడవంతా అక్కడే మొదలైంది.

వ్యానులో ఉన్నవి నాలుగే సీట్లు. వెనక సగమంతా మెకానిక్ పనిముట్లు. స్టీరింగు ముందు మెకానిక్, వ్యాను అతనిదే కనుక. పక్కన డ్రాయింగు మాస్టారు, కాళ్ళు పొడుగు కనుక. వెనక కిటికీ దగ్గర నర్సు, ఆమెకి కడుపులో తిప్పుతుంది కనుక. ఇవతల పక్క పెద్దావిడ, పెద్దావిడ కనుక.

శనివారం వచ్చిందంటే నలుగురూ దీవిలో ఏదో ఒక గుట్ట ఎక్కాల్సిందే. దానిమీద ఏ పాడుబడ్డ కోటో, మొండి బురుజో చూసి రావాల్సిందే. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఇప్పుడు మాస్టారు లేటు వయసులో పెళ్ళి చేసుకుని లెక్కంతా చెడగొట్టారు.

మాస్టారి భార్య కోర్టులో గుమస్తా. అడిగినదానికి జవాబు వచ్చేదాకా వదిలే మనిషి కాదు.

"వచ్చే వారం రెండు రోజుల ప్రయాణం అంటున్నారు. నేనైతే ఈ టైరు మీద కూర్చుని రాలేను. ఎవరో ఒకరు సర్దుకోవాలి" అంది.

పెద్దావిడ గుండె జారి చెప్పుల్లో పడింది. సర్దుకోమన్న ప్రతివాళ్ళూ ఆఖరికి గుమ్మం చూపించినవాళ్ళే, ఆవిడ ఎరిగినంతలో. ఈ శనివారాలు పోతే ఇక మిగిలేవి ఆదివారం నుంచి శుక్రవారం దాకా. వాటిలో ఏముంది, గదిలో ఫ్యాను తిరగడం తప్ప.

"అవునూ, మీరు మాకు..." అంటూ కొత్తమ్మాయి ఆవిడ వైపు తిరిగింది.

"అరటిపండు తిను తల్లీ. గుట్ట ఎక్కాలి" అని పెద్దావిడ ఒలిచి మరీ చేతిలో పెట్టింది.

దారి పొడుగునా అదే పని. ఆ పిల్ల నోరు తెరవడం, ఈవిడ అందులోకి ఏదో ఒకటి తొయ్యడం.

గుట్ట ఎక్కేసరికి వాన వెలిసింది. రాళ్ళ మీంచి ఆవిరి లేస్తోంది. ఎటు చూసినా చెట్లు, చెట్లు అయిపోయిన చోట సముద్రం. కోట గోడ మీద తుప్పు పట్టిన ఫిరంగి ఒకటి కాళ్ళు చాచుకుని పడుకుంది.

"ఇది మొత్తం మీద ఒక్కసారే పేలిందట. అదీ వెనక్కి" అన్నాడు మెకానిక్.

"నీకెవడు చెప్పాడు?" అన్నారు మాస్టారు.

"వెనకాల నిలబడ్డవాడు మాత్రం కాదు."

నర్సు పడీ పడీ నవ్వింది. పెద్దావిడ నవ్వుతూనే గోడ మీది శాసనానికి ముక్కు ఆనించి అక్షరాలు వెతుక్కుంటోంది.

"పిన్నిగారూ, ఆ కళ్ళు చూపించుకోమని ఎన్నిసార్లు మొత్తుకోను?" అంది నర్సు.

"ఒకసారి బయల్దేరానమ్మా. మధ్యలో తప్పిపోయింది."

మెకానిక్‌కి ఎందుకో దగ్గు వచ్చింది.

కొత్తమ్మాయి నోట్లోది మింగేసింది. "నర్సుగారికి పిన్నిగారు. మా ఆయనకి పెద్దమ్మ. ఈ అన్నయ్యగారికి అత్త. ఇంతకీ మీరు ఎవరి తరఫు?"

నర్సు మాస్టారి వంక చూసింది. మాస్టారు నర్సు వంక చూశారు. పెద్దావిడ సంచిలో చెయ్యి పెట్టి తడిమింది. అరటిపళ్ళు అయిపోయాయి.

ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని ఆవిడకి తెలుసు. వచ్చిన రోజే తన సీటు ఖాళీ అవుతుందనీ తెలుసు. ఖాళీ సంచి మూతి ముడేసింది.

"మా మేనత్త" అన్నాడు మెకానిక్, ఫిరంగి గొట్టంలో తల దూర్చి. అందులోంచి మాట గుయ్యిమంది. "ఏం చెల్లెమ్మా, తీర్పు ఇప్పుడే చెప్తారా, వాయిదా వేస్తారా?"

"పోలికలు ఒక్కటీ లేవే?"

"మా నాన్నకీ నాకూ కూడా లేవు. ఆ సంగతి మా అమ్మని అడిగేంత మగాడు మా ఇంట్లో పుట్టలేదు."

మాస్టారు టోపీతో మొహం కప్పుకున్నారు. ఆయన భార్య మొదటిసారి నవ్వింది. నవ్వితే మంచిపిల్లే.

"ఆవిడ సీటు ఆవిడదే. మీకు వెనకాల ఇంకోటి బిగిస్తా. పనిముట్లు షెడ్డులో పడుంటాయి" అని మెకానిక్ తల బయటికి తీశాడు. నెత్తి నిండా తుప్పు.

దిగేటప్పుడు పెద్దావిడ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కొత్తమ్మాయి చెయ్యి మాత్రం తనే పట్టుకుని దింపింది.

సాయంత్రం అందరూ దిగిపోయాక, ఎప్పటిలాగే మెకానిక్ ఆవిడని బస్టాపు దగ్గర దించాడు. ఆవిడ ఎప్పుడూ 'వెళ్తాను' అనదు. 'వెళ్ళొస్తాను' అంటుంది. అందులో ఆ రావడం మీద కాస్త గట్టిగా నొక్కుతుంది, విన్నవాళ్ళు మర్చిపోతారేమోనని.

"వెళ్ళొస్తాను నాయనా."

"వచ్చే శనివారం ఇక్కడే, అత్తా. ఈ స్టాపులో తెల్ల వ్యాన్లు చాలా ఆగుతాయి. చూసుకుని ఎక్కు" అని మెకానిక్ గేరు వేశాడు.

పెద్దావిడ కాళ్ళు రోడ్డుకి అతుక్కుపోయాయి.

ఆ మొదటి శనివారం ఆవిడ ఈ బండి ఎక్కింది కంటి ఆస్పత్రివాళ్ళ ఉచిత వ్యాను అనుకుని. లోపల ఉన్న ముగ్గురిలో ఒక్కరి మొహమైనా అంతకుముందు ఆవిడ చూసి ఎరగదు.